అలూదా

మారిషస్ వెళ్లొచ్చాక స్కూల్లో తోటి టీచర్లందరూ సముద్రం గురించే అడిగారు. నీళ్లు నిజంగా అంత నీలంగా ఉంటాయా, ఫొటోల్లో రంగులు కలుపుతారా అని. ఉంటాయి. కలపరు. కానీ నాకు ఆ పది రోజులూ సముద్రంతో కాదు, గ్లాసుల లెక్కన గుర్తున్నాయి. ఏ రోజు ఏం తాగాం, ఎవరు తాగారు, ఎవరు తాగకుండా గ్లాసు పక్కకి నెట్టారు... అట్లా. కాబట్టి ఎవరైనా అక్కడికి పోయేవాళ్లుంటే ఏం తాగాలో చెప్తాను. దాంతో పాటు మా ఇంటి ముచ్చట కూడా కొంత వినాలి మరి. రెండూ విడదీయడం నా వల్ల కావడం లేదు.

మా అబ్బా వరంగల్ మండీ బజార్లో ఫాలూదా బండి పెట్టేవాడు. ఏడాదంతా కాదు. మామూలు రోజుల్లో ఒక టింబర్ డిపోలో లెక్కలు రాసేవాడు. ఎండాకాలం సాయంత్రాలూ, రంజాన్ నెల రాత్రులూ మాత్రం బండి. తరావీ నమాజ్ అయ్యాక జనం గుంపులు గుంపులుగా వచ్చేవాళ్లు. మధ్యాహ్నం నుంచే ఇంట్లో పెద్ద భగోనాలో పాలు మరుగుతుండేవి. అమ్మీ పొయ్యి పక్క నుంచి లేచేది కాదు. ఐదు లీటర్లు మూడు లీటర్లయ్యేదాకా కలుపుతూనే ఉండాలి, అడుగంటితే ఆ రోజు బేరం పోయినట్టే. చైనా గ్రాస్ నానబెట్టి, ఉడికించి, తట్టలో పోసి గడ్డకట్టించి సన్నగా తరగడం నా పని. సబ్జా గింజలు నానేయడం తమ్ముడి పని. అవి నల్లగా చీమ తలకాయల్లా ఉండి, నీళ్లు పడగానే కాసేపట్లో బూడిద రంగు చొక్కాలు తొడుక్కుంటాయి. వాడు గిన్నె ముందు బాసింపట్టు వేసుకుని అదే చూస్తూ కూర్చునేవాడు.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. టెన్త్‌లో ఉన్నప్పుడు నా క్లాస్‌మేట్లు ఆ బజారుకొస్తే నేను బండి వెనక దుకాణంలోకి జారుకునేదాన్ని. అబ్బాకి తెలుసు. ఒక్క రోజూ అడగలేదు.

తమ్ముడు చదువుకుని, హైదరాబాద్‌లో కొన్నాళ్లు చేసి, మారిషస్‌లో ఒక కంపెనీలో పడ్డాడు. అబ్బా ఇంతికాల్ అయినప్పుడు వాడక్కడే ఉన్నాడు. ఏప్రిల్ నెల, జుమ్మా రోజు, తెల్లారి నాలుగున్నర. అక్కడ మనకంటే గంటన్నర వెనక. అంటే వాడికి ఫోన్ పోయేసరికి మూడు దాటింది. హైదరాబాద్‌కి నేరుగా ఫ్లైట్ లేదు, ముంబై మీదుగా రావాలి, అది కూడా మరుసటి రోజుదే దొరికింది. జుమ్మా నమాజ్ తర్వాత జనాజా నమాజ్ చదివి అబ్బాని కబ్రస్తాన్‌కి తీసుకెళ్లిపోయారు. వాడు మూడో రోజు జియారత్‌కి అందాడు. మట్టికి అందలేదు.

ఆ మాట మా అమ్మీ మూడేళ్లు మోసింది. వాడితో ఫోన్లో మాట్లాడేది, తిన్నావా, నమాజ్ చదివావా అని అడిగేది, మాట అక్కడితో ఆగిపోయేది. అబ్బా పోయాక ఫాలూదా కూడా చెయ్యలేదు. రంజాన్‌లో ఎవరైనా గ్లాసు చేతికిస్తే షుగర్ ఉందని తిరిగిచ్చేసేది. షుగర్ ఉన్న మాట నిజమే. కానీ అదే చెయ్యి నా కళ్లముందు జిలేబీ తుంచేది.

చివరికి తమ్ముడు టికెట్లు పంపాడు, నాకూ అమ్మీకీ. "ఇన్ని పైసలతో ఉమ్రా అయ్యేది" అంది అమ్మీ. "అది కూడా చేయిస్తా, ముందు నా ఇల్లు చూడు" అన్నాడు వాడు. మన పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి అక్కడికి ముందుగా వీసా తీసుకునే పని లేదు. అమ్మీకి ఆ బహానా కూడా దొరకలేదు.

మొదటి రెండు రోజులు బాగానే గడిచాయి. తమ్ముడు రోజ్ హిల్‌లో ఉంటాడు. ఎయిర్‌పోర్టు నుంచి వచ్చే దారిలోనే ఆపి కొబ్బరి బోండాలు కొట్టించాడు. దాని గురించి రాయడానికేం లేదు, మన కోనసీమ బోండం ముందు నిలవదు. కానీ ఆ పక్కనే చెరకు రసం. అక్కడి క్రియోల్ భాషలో దాన్ని ఫాంగురాఁ అంటారు. మన దగ్గర బండి మీద గిర్రున తిప్పే మిషనే, అదే గలగల, అదే ఈగలు. రంగు మాత్రం కొంచెం ముదురు. నిమ్మకాయ పిండారు, అల్లం వెయ్యలేదు. వేస్తే బాగుండేదని అమ్మీ ఒక గుక్క తాగి చెప్పింది.

ఆ దేశంలో చెరకు రసం తాగకుండా రావద్దు. రుచి కోసం కాదు. రోడ్డుకి రెండు పక్కలా కనిపించేదంతా చెరకే, ఆ దీవి కథంతా అందులోనే ఉంది. 1639లో డచ్చివాళ్లు జావా నుంచి చెరకు తెచ్చి నాటారు. తర్వాత ఫ్రెంచివాళ్లు ఆఫ్రికా, మడగాస్కర్‌ల నుంచి గులాముల్ని తెచ్చి పండించారు. 1810లో దీవి ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చింది. 1835లో గులామీ రద్దయింది. మరి చెరకెవరు కొట్టాలి? మనవాళ్లు. బీహార్ నుంచి, తమిళ దేశం నుంచి, మన కోరంగి, విశాఖపట్నం వైపు నుంచి గిర్మిటియాలుగా ఓడలెక్కించారు. చేలల మధ్యలో అక్కడక్కడా నల్లరాళ్ల గుట్టలు కనిపిస్తాయి, గోరీల్లా. అగ్నిపర్వతం రాళ్లు. వాటిని ఏరి కుప్పలు పోస్తేనే నేల దున్నడానికొచ్చింది. ఏరింది చేతులే. "ఇవేం రాళ్లు?" అని అమ్మీ అడిగితే తమ్ముడు ఇదంతా చెప్పాడు. ఆమె కిటికీలోంచి ఒక్కో గుట్టా చూస్తూ కూర్చుంది.

మూడో రోజు హోటల్‌కి తీసుకెళ్లాడు. ఉత్తరం వైపు సముద్రం ఒడ్డున పెద్ద హోటల్, పేరెందుకులెండి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉండి, తిని, ఈత కొట్టి వచ్చేయొచ్చు. బుక్ చేసేటప్పుడే షరాబ్ వద్దని వాడు చెప్పాడు. లోపలికి పోగానే ఒకమ్మాయి నవ్వుతూ ట్రే పట్టుకొచ్చింది. పొడుగు గ్లాసులు, నారింజ రంగు, అంచుకి అనాసపండు ముక్క. ఎండలో వచ్చామేమో, అమ్మీ బిస్మిల్లా అనుకుని రెండు గుక్కలు తాగేసింది. మూడో గుక్కకి ఆగింది. మొహం మారిపోయింది. గ్లాసు నా ముక్కు దగ్గర పెట్టింది.

రమ్. అక్కడ అన్నిట్లోనూ రమ్మే. చక్కెర తీసేశాక మిగిలే మడ్డి నుంచి కాస్తారు, కొన్నిచోట్ల చెరకు రసం నుంచే కాస్తారు. పళ్లూ వెనిల్లా కాయలూ సీసాల్లో వేసి నెలలకి నెలలు ఊరబెట్టి రమ్ అరాంజే అని అమ్ముతారు. టూరిస్టులు దానికోసమే చమారెల్ అనే ఊరిదాకా పోతారు. తాగేవాళ్లకి అది ఆ దీవి సంతకం లాంటిది, నాకేం పేచీ లేదు. కానీ అరవై ఏడేళ్ల వయసులో, ఐదు పూటల నమాజీ నోట్లో అది పడితే ఎట్లుంటదో చెప్పలేను. ట్రేలు మారిపోయాయట. ఆ పిల్ల పాపం వణికిపోయింది, పదిసార్లు మాఫీ అడిగింది. మీరెవరైనా పోతే ఒక్క మాట నేర్చుకుని పొండి: సాంజల్కోల్. ఆల్కహాల్ లేనిది అని ఫ్రెంచి మాట. గ్లాసు ముట్టుకోక ముందు అడగండి, ముట్టుకున్నాక కాదు.

అమ్మీ పోయి నోరు కడుక్కుంది. మళ్లీ మళ్లీ కడుక్కుంది. వజూ చేసి, ఒడ్డున సరుగుడు చెట్ల కింద నా దుపట్టా పరుచుకుని రెండు రకాత్‌లు చదివింది. తమ్ముడు దూరంగా చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఆమె సలామ్ తిప్పి లేచాక దగ్గరికి పోయి, "గల్తీ హోగయీ అమ్మీ, తెలియక జరిగింది, అల్లా మాఫ్ చేస్తాడు" అన్నాడు.

అప్పుడంది ఆ మాట. "బాప్ కు మట్టీ దేనే నై ఆయా. మా కు షరాబ్ పిలాయా."

తండ్రికి మట్టి వెయ్యడానికి రాలేదు, తల్లికి షరాబ్ తాగించాడు. మూడేళ్లు లోపల తిరిగిన మాట ఒక్క నిమిషంలో బయటపడింది. వాడు ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. నేను అనాల్సి ఉండింది. ఎందుకో తర్వాత చెప్తాను.

తర్వాత రెండు రోజులు ఆ ఇంట్లో గిన్నెల చప్పుడే. సెలవు పెట్టాడు కాబట్టి తిప్పక తప్పదన్నట్టు గురువారం మమ్మల్ని బువా షెరీకి తీసుకెళ్లాడు. దక్షిణాన గుట్టల మీద టీ తోటలు, 1892 నాటివి. ఫ్యాక్టరీ చూపిస్తారు, మ్యూజియం ఉంది, పైన చెరువు కనిపించే చోట కూర్చోబెట్టి రకరకాల టీలు పోస్తారు. వాళ్ల వెనిల్లా టీకి పెద్ద పేరు. కప్పు దగ్గరికి రాకముందే ఐస్‌క్రీం దుకాణం తలుపు తీసిన వాసన వస్తుంది. తాగితే మామూలు టీయే, చివర్లో నాలుక మీద ఆ ఖుష్బూ మిగులుతుంది. నాకు నచ్చింది, నాలుగు పాకెట్లు కొన్నాను. ఇరానీ చాయ్ అలవాటున్నవాళ్లు మాత్రం పాలు పోసి మరిగించే ప్రయోగం చెయ్యకండి, నేను ఇంటికొచ్చి చేసి చెడగొట్టాను. అమ్మీ ఒక్క గుక్క తాగి "అగర్‌బత్తీ" అంది. ఆ రోజంతా ఆమె మాట్లాడిన మాటల్లో అదే పొడుగుది.

శుక్రవారం పోర్ట్ లూయీ. రోజ్ హిల్ నుంచి మెట్రోలో పోయాం. జుమ్మా మసీదు ఊరి నడిబొడ్డున, రాయల్ స్ట్రీట్‌లో ఉంటుంది. 1850ల్లో కట్టింది. తెల్లటి గోడలు, చెక్కిన తలుపులు, సహన్‌లో పెద్ద బాదం చెట్టు. తమ్ముడు టోపీ సర్దుకుని లోపలికి పోయాడు. "నమాజ్ అయ్యాక బజారు గేటు దగ్గర కలుస్తా ఆపా" అన్నాడు. మేమిద్దరం నడుచుకుంటూ రేవు వైపు పోయాం. అక్కడే అప్రవాసీ ఘాట్.

పెద్దగా ఏమీ ఉండదు చూడ్డానికి. పాత రాతి గోడలు, వంటిల్లు, స్నానాల గదులు, పదహారు మెట్లు. ఓడ దిగిన కూలీలు ఆ మెట్లెక్కి లోపలికొచ్చేవాళ్లు. 1834లో మొదలై తర్వాత ఎనభై, తొంభై ఏళ్ల పాటు దాదాపు నాలుగున్నర లక్షల మంది వచ్చారు. 2006లో యునెస్కో వాళ్లు దాన్ని ప్రపంచ వారసత్వంలో చేర్చారు. కూలీల ఫొటోలు చూస్తే గుండె పట్టేస్తుంది, ఛాతీ ముందు నంబరు పలక పెట్టుకుని, ఎటు చూడాలో తెలియక చూసే మొహాలు. హిందువులున్నారు, ముసల్మానులున్నారు, మన తెలుగువాళ్లున్నారు. తెలుగువాళ్ల వారసులు ఇప్పటికీ అక్కడ ఉగాది చేసుకుంటారు, సర్కారు సెలవిస్తుంది. ఈద్‌కి కూడా ఇస్తుంది. కోరంగి రేవునేమో 1839 తుఫానే ముంచేసింది. పంపిన ఊరు పోయింది, పోయినవాళ్లు మిగిలారు.

అమ్మీ ఆ మెట్ల ముందు చాలాసేపు నిలబడింది. మోకాళ్ల నొప్పి, కూర్చోమన్నా కూర్చోలేదు.

"వీళ్ల అమ్మా నాయనలు అక్కడ చచ్చిపోతే వీళ్లకి ఖబర్ ఎవరిచ్చారు?" అంది.

ఎవరిస్తారమ్మీ అన్నాను. ఓడలో చిట్టీ వస్తే నెలల తర్వాత. రాసేవాళ్లుంటే. చదివేవాళ్లుంటే. లేకపోతే ఎప్పటికీ తెలిసి ఉండదు. ఇంటికి పోదామనే అనుకుంటూ ఉండిపోయి ఉంటారు.

"హౌ" అని తల ఊపింది. అంతే. అక్కణ్ణుంచి బజారుదాకా నా మోచెయ్యి పట్టుకుని నడిచింది.

పోర్ట్ లూయీ సెంట్రల్ మార్కెట్ అంటే మన మోండా మార్కెట్‌కి ఇంగ్లీషువాళ్లు ఇనుప గేట్లు పెట్టినట్టుంటుంది. కొత్తిమీర, మెంతికూర, సొరకాయ, మునక్కాడలు... అమ్మీకి అక్కడ కొత్తగా అనిపించినవి తక్కువ. ఒక దుకాణంలో మూలికల కషాయాలు అమ్ముతున్నారు, తిజాన్ అంటారట. ప్రతి రోగానికీ ఒక కట్ట, కట్ట మీద రోగం పేరు. కడుపునొప్పికి అయాపానా ఆకు అక్కడ ఇంటింటి మందు. షుగర్ అని రాసిన కట్ట ముందు అమ్మీ ఆగిపోయింది. కొనమంది. నీ గోలీలు మానకపోతే కొంటానన్నాను. "అయితే వద్దులే" అంది. గోలీలు మానడానికే చూస్తోందన్నమాట.

ఇంకోచోట చింతపండు రసం దొరికింది. జూ తామరాఁ అంటారు. చల్లగా, తియ్యగా, వెనక నుంచి పులుపు. ఈ పేరు చూడండి. అరబ్బీలో చింతపండుని తమ్ర్ హిందీ అన్నారు, హిందూ దేశపు ఖర్జూరం అని. అదే తిరిగి తిరిగి ఫ్రెంచివాళ్ల నోట్లో పడి తామరాఁ అయింది. మన చెట్టు కాయకి అరబ్బులు మన పేరే పెడితే, ఫ్రెంచివాళ్లు అందులోంచి హిందుస్తాన్ తీసేశారు. నేను రెండు గ్లాసులు తాగాను. ఉప్పూ కారం చల్లి చింతపండు పులుసు పోసిన అనాస ముక్కలు కూడా అమ్ముతారు, అవి తాగేవి కావు కానీ వదలొద్దు.

తమ్ముడు నమాజ్ నుంచి వచ్చాడు. అమ్మీ వాడి వైపు చూడలేదు. "ఒక చోటుకి పోదాం రండి" అని లోపలికి నడిచాడు. మార్కెట్ లోపల ఒక స్టాల్ ముందు జనం నిలబడే తాగుతున్నారు. పెద్ద గిన్నెలో గులాబీ రంగు పాలు, మంచుగడ్డలు, పొడుగు గరిటె. అమ్మే ఆయన తమ్ముణ్ణి చూడగానే సలామ్ చెప్పి, ఏం కావాలని అడక్కుండానే గ్లాసు నింపడం మొదలుపెట్టాడు. వాడు మూడు వేళ్లు చూపించాడు.

గ్లాసు నా చేతికొచ్చింది. లోపల నల్ల చుక్కలు, బూడిద రంగు చొక్కాలు తొడుక్కుని.

దాన్ని అలూదా అంటారు. ఫాలూదాయే. ఓడలో వస్తూ వస్తూ ముందక్షరం సముద్రంలో పడిపోయింది. పాలు, షర్బత్, సబ్జా, తురిమిన చైనా గ్రాస్. సేమియా ఉండదు. కావాలంటే పైన ఐస్‌క్రీం. సబ్జాని వాళ్లు తుక్‌మారియా అంటారు. మన హకీముల తుఖ్మ్-ఎ-రైహాన్ అన్నమాట, తుఖ్మ్ అంటే గింజ. ఎక్కడి ఫార్సీ, ఎక్కడి క్రియోల్!

అమ్మీ గ్లాసు తీసుకోలేదు. "ఇందులో జెలటిన్ ఉందా అడుగు" అంది నాతో. షరాబ్ దెబ్బ తగిలాక అనుమానం సహజమే. ఆయనకి అర్థమైంది. "నై నై, అగర్-అగర్" అన్నాడు. సముద్రపు నాచు. అదే మన చైనా గ్రాస్. అప్పుడు తీసుకుంది. ఒక గుక్క తాగింది. సబ్జా గింజల్ని పళ్ల మధ్య పెట్టి మెల్లగా కొరికింది. గ్లాసులోకే చూస్తూ, ఆ హోటల్ తర్వాత మొదటిసారి, తమ్ముడితో నేరుగా మాట్లాడింది.

"కబ్ సే పీరా యహాఁ?" ఎప్పట్నుంచి తాగుతున్నావిక్కడ?

వాడు కొంచెం ఆగి చెప్పాడు. "ఆ జుమ్మా నుంచి."

ఏ జుమ్మా అని ఆమె అడగలేదు. వాడే చెప్పాడు, గ్లాసు తిప్పుతూ. తెల్లారి నుంచి టికెట్ కోసం తిరిగి తిరిగి, దొరికేది రేపే అని తేలాక ఏం చెయ్యాలో తోచక జుమ్మా మసీదుకొచ్చాడట. ఇక్కడ నమాజ్ అయ్యే వేళకి అక్కడ జనాజా లేస్తోందని లెక్క కట్టుకున్నాడట. బయటికొచ్చి నడుస్తుంటే ఈ బజారులోకొచ్చిపడ్డాడు. మూడేళ్లుగా ఈ ఊళ్లో ఉన్నా అప్పటిదాకా అలూదా తాగలేదు, అబ్బా చేసినట్టు ఎవరు చేస్తారులే అని. ఆ రోజు తాగాడు. అప్పట్నుంచి ప్రతి జుమ్మాకి.

నేనప్పుడు చెప్పాను. ఇక ఆగలేకపోయాను.

ఆ రోజు తెల్లారి వాడు నాకు ఫోన్ చేశాడు. "ఆపా, ఎల్లుండి పొద్దుటికల్లా ఇంట్లో ఉంటా. అప్పటిదాకా ఆపగలవా?" అని అడిగాడు. మామూ నా పక్కనే ఉన్నాడు, ఏం చేద్దాం బేటీ అన్నాడు. పెద్ద కూతుర్ని, నన్నే అడిగారు. ఏప్రిల్ ఎండ. మయ్యత్‌ని ఆపడం మంచిది కాదని పెద్దలంటారు. జుమ్మా రోజు మసీదు నిండా జమాత్ ఉంటుంది, ఇంతమంది దువా మళ్లీ దొరకదు. నేనే వద్దన్నాను. "ఆపం, నువ్వు నెమ్మదిగా రా" అన్నాను. వాడు సరే ఆపా అన్నాడు. అమ్మీ ఆ వేళ లోపలి గదిలో స్పృహ లేనట్టు ఉంది. తర్వాత ఇద్దత్‌లో కూర్చుంది. కొడుకు రావాలనే అనుకోలేదని ఆమెకెట్లా అనిపించిందో అట్లాగే ఉండిపోయింది. వాడు ఈ మూడేళ్లలో ఒక్కసారి కూడా నా పేరు చెప్పలేదు. నేను కూడా చెప్పలేదు. నేను చేసింది తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు, కానీ చెప్పకపోవడం తప్పే. టెన్త్‌లో బండి వెనక దాక్కున్న పిల్లే ఇది కూడా చేసింది.

ఇదంతా ఆ రద్దీలో, కూరగాయల బుట్టలు తగులుతుంటే, చేతిలో చల్లటి గ్లాసు పట్టుకుని చెప్పాను. అమ్మీ వింది. తాగింది. గ్లాసు అడుగున మిగిలిన గింజల్ని చెంచాతో తీసుకుని తింది. ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"దూద్ నై ఉబలా బరాబర్" అంది. పాలు సరిగ్గా మరగలేదట.

తర్వాత తమ్ముడితో, "చైనా గ్రాస్ ఎక్కడ దొరుకుద్ది?" అంది.

ఆ సాయంత్రం రోజ్ హిల్ వంటింట్లో రెండున్నర గంటలు పాలు మరిగాయి. వాడి దగ్గర భగోనా లేదు, ప్రెషర్ కుక్కరే. రూహ్ అఫ్జా సీసా మాత్రం ఉంది, ఎక్కడ సంపాదించాడో. అబ్బా దాన్ని ఢిల్లీ హకీం సాబ్ మందు అనేవాడు. 1906లో హకీం హాఫిజ్ అబ్దుల్ మజీద్ తయారు చేసినప్పుడు నిజంగానే ఎండదెబ్బకి మందుగానే చేశాడు. అమ్మీ స్టూల్ మీద కూర్చుని, కలుపు, అడుగు నుంచి కలుపు, మంట తగ్గించు అని హుకుం జారీ చేస్తుంటే తమ్ముడు చెమటలు కక్కుతూ కలిపాడు. సబ్జా కూడా వాడే నానేశాడు. గిన్నె ముందు నిలబడి అవి చొక్కాలు తొడుక్కునేదాకా చూశాడు. పై ఇంటి ముసలావిడకి ఒక గ్లాసు పంపారు. ఆమె వాళ్ల తాతలు తెలుగువాళ్లు, ఆమెకొచ్చిన తెలుగు "అమ్మా", "నీళ్లు", "రామా". గ్లాసు తిరిగిచ్చేటప్పుడు అమ్మీ చెయ్యి పట్టుకుని "అమ్మా" అంది.

నాకు గ్లాసిచ్చింది తమ్ముడే. అమ్మీ ఇవ్వలేదు. వాడి మీది మౌనం నా మీదికి మారింది. ఆ రాత్రి షుగర్ చూస్తే 286 వచ్చింది. "మిషన్ ఖరాబ్" అని వాడితో చెప్పించింది నాకు. ముంబైలో ఫ్లైట్ మారేదాకా అదే వరస. అక్కడ లైన్లో నిలబడ్డప్పుడు, "మామూ అడిగినప్పుడు నన్ను లేపాల్సింది" అంది. అవునమ్మీ అన్నాను.

ఇప్పుడు ప్రతి జుమ్మా మనకి మూడు గంటలప్పుడు ఫోన్ వస్తుంది. అమ్మీ స్పీకర్ పెడుతుంది. వెనక బజారు గోల వినిపిస్తుంటుంది.

"పియా?" అంటుంది.

"పియా అమ్మీ."

"దూద్?"

"పత్లాచ్."

పల్చగానే ఉన్నాయట. ఆ మాటకి ఆమె మొహం వెలిగిపోతుంది.